దారిలో ఆగిన సైకిలుకు జేబులో పట్టే పనిముట్లు

సైకిలు మీద పోతుండగా వచ్చే చిన్నాచితకా మరమ్మతుల కోసం పానాలు, స్క్రూడ్రైవర్లు, ఎల్లెన్ కీలు ఒకే పిడిలోకి మడిచి పెట్టుకునేలా చేసిన పనిముట్టును మల్టీటూల్ అంటారు. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. బరువు చాలావాటికి 100 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటుంది. అంగడిలో దీన్ని 'పదహారు పనులు చేస్తుంది', 'ఇరవై పనులు చేస్తుంది' అని లెక్క చెప్పి అమ్ముతారు. కొనేవాళ్లకు ఆ లెక్కతో పెద్దగా పని లేదు. తమ సైకిలుకు ఉన్న నట్లు, బోల్టులు ఎలాంటివి, తాము తిరిగే దారి సైకిలును ఎక్కడ దెబ్బ తీస్తుంది అన్నవి తెలిస్తే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య ఉన్న దారులు ఈ రెండు సంగతులనూ గట్టిగానే నేర్పుతాయి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊళ్లు. వాటి మధ్య దూరం 20 కిలోమీటర్ల పైచిలుకు. జమ్మలమడుగు నుంచి పడమరగా గండికోట 15 కిలోమీటర్లు. అక్కడికి పోవాలంటే ఎర్రమల కొండ ఎక్కాలి. దక్షిణానికి తిరిగి పెన్న దాటి ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాలంటే 50 కిలోమీటర్లు దాటుతుంది. ఒకచోట నల్లరేగడి, ఒకచోట నాపరాళ్ల గనులు, పులివెందుల దగ్గరికి వచ్చేసరికి చీనీ, అరటి తోటలు. ఎండాకాలం మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఊళ్లలో సైకిల్ షాపులు ఇంకా ఉన్నాయి. కానీ ఊరికీ ఊరికీ నడుమ రోడ్డు పక్కన కనబడే పంచరు బంకుల్లో చాలావాటికి ఇప్పుడు మోటారు సైకిళ్ల పనే జీవనాధారం. ట్యూబు లేని టైరుకు రబ్బరు పుల్ల గుచ్చి పంచరు మూయడంలో వాళ్లది అందె వేసిన చేయి. సైకిలు ట్యూబుకు ఆ పుల్ల పనికిరాదు. గాలి మాత్రం దొరుకుతుంది, అదీ వాల్వు కుదిరితేనే.

ఈ దారుల్లో సైకిలును ఆపేది ఎక్కువగా ముల్లు. అందులోనూ రెండు మొక్కల పేర్లు ముందు చెప్పుకోవాలి.

మొదటిది సర్కారు తుమ్మ. సీమలో కంపచెట్టు అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. అమెరికా ఖండపు మెట్ట నేలల నుంచి వచ్చిన ఈ చెట్టుకు కడప జిల్లాతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. అప్పటి మద్రాసు రాజధానిలో అటవీ అధికారి బెడ్డోమ్, వానలు తక్కువ పడే నేలల్లో వంటచెరకు పెంచడానికి దీని విత్తనాలు కావాలని 1876లో ప్రభుత్వాన్ని కోరాడు. దేశంలో దీని తొలి తోటల్లో ఒకటి ఆ వెంటనే వేసింది కమలాపురంలో, అంటే ప్రొద్దుటూరుకు దగ్గర్లోనే. నూటయాభై ఏళ్లు తిరిగేసరికి అది చెరువు గట్లూ బీడు నేలలూ రోడ్డు అంచులూ ఆక్రమించింది. దీని ముల్లు రెండు అంగుళాల దాకా పెరుగుతుంది. పొయ్యిలోకి కంప కొట్టి బండికెత్తుకుని పోయిన దారంతా తెగిన ముళ్ల కొమ్మలు రాలి ఉంటాయి. ఎండిన ముల్లు టైరును నిలువునా దూసుకుపోయి, కొన్నిసార్లు ట్యూబుకు అవతలి వైపు కూడా చిల్లు పెడుతుంది. ఒక చిల్లు మూసి గాలి కొట్టి, ఇంకా దిగిపోతోందేమని తల పట్టుకునేవాళ్లు ఈ రెండో చిల్లు కోసం వెతకాలి.

రెండోది పల్లేరు. నేలను అంటి పాకే ఈ మొక్కకు పసుప్పచ్చ పూలు పూస్తాయి. కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకూ గట్టి ముళ్లు ఉంటాయి, ఎటు పడినా ఒకటి ఆకాశం వైపే చూస్తుంది. చెప్పులు లేకుండా తిరిగిన పల్లెటూరి పిల్లలెవరికీ దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. పాత ప్రపంచపు వేడి నేలలదైన ఈ పల్లేరు అమెరికా పడమటి రాష్ట్రాలకు పాకి, అక్కడి సైకిలు ప్రేమికులకు బద్ధశత్రువు అయింది. మేక తల లాంటి కాయ అని వాళ్లు దానికి పేరు పెట్టారు. దాన్ని అదుపు చేయడానికి 1961లో అమెరికాలో రెండు రకాల ముక్కుపురుగులను వదిలారు. ఒకటి గింజను తింటుంది, ఇంకొకటి కాండాన్ని తొలుస్తుంది. మన దేశంలోనూ, ఇటలీ, ఫ్రాన్సుల్లోనూ సహజంగా ఉండే పురుగులవి. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో 2018 నుంచి ఈ ముళ్ల మొక్క పేరుతోనే సైకిళ్ల పండుగ జరుగుతోంది; దానికి ముందు జనం ఊరంతా తిరిగి పల్లేరు పీకుతారు. జమ్మలమడుగు పొలాల గట్ల మీద కాళ్లకు గుచ్చుకునేదీ, బోయిసీలో సంచుల కొద్దీ పీకి పారేసేదీ ఒకే మొక్క.

ముల్లు గుచ్చుకున్నప్పుడు ఎంత ఖరీదైన మల్టీటూల్ అయినా దాదాపు ఏమీ చేయలేదు. కాబట్టి ఈ ప్రాంతంలో తిరిగేవాళ్లు ముందు డబ్బు పెట్టాల్సింది గాలి సామాను మీద: ఒక చిన్న పంపు, టైరు విప్పే రెండు ప్లాస్టిక్ లీవర్లు, సరిపడే కొలతలో ఒక ట్యూబు, పంచరు ముక్కలు, సొల్యూషను, గరుకు కాగితం. మల్టీటూల్ వంతు ఆ తర్వాతే. అమ్మకాల ప్రకటనల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది.

సొల్యూషను గొట్టం ఒకసారి మూత తెరిస్తే లోపల మెల్లగా ఎండుతుంది. సీటు కింద సంచిలో రోజంతా ఎండకు ఉడికితే మరీ తొందరగా గడ్డకడుతుంది. అందుకే వాడని కొత్త గొట్టం ఒకటి ఎప్పుడూ వెంట ఉండాలి. సొల్యూషను అక్కర్లేకుండా నేరుగా అంటించే పంచరు ముక్కలు ఇల్లు చేరడానికి పనికొస్తాయి. వేడికి వాటి జిగురు మెత్తబడి జారే అవకాశం ఉంది కనుక ఎండాకాలం వాటినే నమ్ముకోకూడదు.

వాల్వు సంగతి చాలామంది దారిలో ఆగినప్పుడు గానీ పట్టించుకోరు. పాత నల్ల సైకిళ్లకు రబ్బరు తొడుగుతో ఉండే డన్‌లప్ వాల్వు, మోటారు సైకిళ్లకూ చాలా గేరు సైకిళ్లకూ లావుపాటి ష్రేడర్ వాల్వు, సన్న టైర్ల రేసు సైకిళ్లకు పొడవాటి ప్రెస్టా వాల్వు ఉంటాయి. పంచరు బంకు కంప్రెసరు గొట్టం ష్రేడర్‌కే సరిపోతుంది. ప్రెస్టా ఉన్నవాళ్లు వేలి కొసంత ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకుంటే ముద్దనూరులో ఆగినా, ఎర్రగుంట్లలో ఆగినా గాలికి కొదవ ఉండదు. డన్‌లప్ వాల్వు వాళ్లు ఆ సన్న రబ్బరు తొడుగు ముక్క ఒకటి అదనంగా పెట్టుకోవాలి. ఎండకు అది గట్టిపడి పగిలితే ట్యూబు బాగున్నా గాలి నిలవదు. పంచరైందనుకుని ట్యూబంతా వెతుకుతారు.

టైరులో ముల్లు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. చక్రం కిందికి దించకుండానే, వాల్వుకు ఎదురుగా ఉన్న చోట టైరు ఒక అంచును లీవరుతో రిమ్ము మీదికి లేపాలి. ట్యూబును ఆ పక్క నుంచి బయటికి లాగి కొద్దిగా గాలి కొట్టి, తడి పెదవికి దగ్గరగా తిప్పుతూ పోతే సన్నటి గాలి తగిలే చోటు దొరుకుతుంది. చిల్లు ఉన్న చోటును వాల్వు నుంచి కొలుచుకుని టైరులోనూ అదే దూరంలో చూడాలి. టైరు లోపలి వైపు వేలితో నేరుగా తడిమితే ముల్లు వేలిలోకే దిగుతుంది. చిన్న గుడ్డ ముక్కను లోపల పెట్టి తిప్పితే ముల్లు ఉన్న చోట అది చిక్కుకుంటుంది. సర్కారు తుమ్మ ముల్లు బయటికి కనబడేది పోయినా కొస విరిగి రబ్బరులో ఉండిపోతుంది. దాన్ని వెలుపలి నుంచి పీకడం కుదరదు. లోపలి నుంచి మల్టీటూల్‌లోని సన్న స్క్రూడ్రైవరుతో వెనక్కి నెట్టాలి. ముల్లు విషయంలో మల్టీటూల్ చేసే సాయం ఇదొక్కటే. కొస తీయకుండా కొత్త ట్యూబు వేస్తే నాలుగు ఫర్లాంగులు పోకముందే మళ్లీ ఆగాల్సి వస్తుంది.

ఇక సైకిలు సంగతి. ఈ మూడు ఊళ్ల రోడ్ల మీద మూడు తరాల సైకిళ్లు పక్కపక్కనే తిరుగుతుంటాయి. పాల క్యాన్లు తగిలించుకుని పోయే 28 అంగుళాల నల్ల సైకిలు ఒకటి. గేర్లు లేని బడిపిల్లల సైకిలు రెండోది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద ఇచ్చినవి ఈ తరహావే. వ్యాయామానికనో, గండికోట దాకా పోయి రావాలనో కుర్రవాళ్లు కొనే గేరు సైకిలు మూడోది. ఒక్క మల్టీటూల్ ఈ మూడింటికీ సరిపోదు. మొదటి రెండూ నట్ల సైకిళ్లు, మూడోది ఎల్లెన్ బోల్టుల సైకిలు.

నల్ల సైకిలు కొలతలు అంగుళాల కాలం నాటి బ్రిటిష్ నమూనావి. బ్రేకులు కూడా తీగలతో కాకుండా ఊచలతో పనిచేస్తాయి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. లూధియానాలో హీరో సైకిల్స్ 1956లో మొదలైంది. సోనీపత్‌లో అట్లాస్ అంతకు ఐదేళ్ల ముందే మొదలైంది. మద్రాసు దగ్గర టి.ఐ. సైకిల్స్ 1949 నుంచి ఉంది. తరాల తరబడి వీళ్లు చేసిన నల్ల సైకిళ్లను నడిపించింది ఎల్లెన్ కీ కాదు. రెండు చివర్లా ఉండలు, ఒక్కో ఉండలో ఐదేసి ఆరు పలకల రంధ్రాలు ఉండే డంబెల్ పానా వాటికి అసలు తోడు. 6 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా పది కొలతలు ఆ ఒక్క ఇనుప ముక్కలోనే ఉంటాయి. మందంగా ఉంటుంది కనుక ఇరుకు సందుల్లో దూరదు. తుప్పు పట్టిన నట్టు మీద జారుతుంది కూడా. అయినా నల్ల సైకిలుకూ, బడిపిల్లల సైకిలుకూ ఖరీదైన మడత మల్టీటూల్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఇరుసు నట్టు చాలా సైకిళ్లకు 15 మిల్లీమీటర్లు. పాత బండ్లలో కొలత అటూ ఇటూ కావచ్చు కాబట్టి, కొనేముందే సైకిలును షాపుకు తీసుకుపోయి నట్టుకు పానా పెట్టి చూసుకోవడం మేలు. మార్కెట్లో 'అన్నీ ఉన్నాయి' అంటూ అమ్మే మడత మల్టీటూల్స్‌లో ఎన్నింటికో ఈ 15 కొలత ఉండదు. నట్ల సైకిలు ఉన్నవాళ్లు ఒక్క ఈ కొలత లేదని తెలిసినా ఆ మల్టీటూల్‌ను పక్కన పెట్టేయాలి.

గేరు సైకిలు దగ్గరికి వస్తే లెక్క వేరు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం అలెన్ 1910 ప్రాంతంలో జనాలకు అలవాటు చేసిన ఆరు పలకల గుంత బోల్టు, అంటే ఎల్లెన్ బోల్టు, ఇప్పుడు సైకిలు నిండా ఉంది. హ్యాండిల్, సీటు, బ్రేకులు, సీసా పట్టే చట్రం అన్నింటికీ 4, 5, 6 మిల్లీమీటర్ల కీలే కావాలి. చిన్న సర్దుబాట్లకు 2, 2.5, 3. పెడళ్లకూ, కొన్ని సైకిళ్ల క్రాంకు బోల్టులకూ 8. డిస్కు బ్రేకులు ఉంటే నక్షత్రం ఆకారపు గుంతకు టి25 కొలత టార్క్స్ ముక్క తప్పనిసరి. ఈ వరస ఉందంటే రోడ్డు మీద వచ్చే బోల్టు పనులు దాదాపు అన్నీ అయిపోతాయి. మిగతా కొలతలు ఎన్ని ఉన్నా బరువు పెరగడానికే.

క్రాంక్ బ్రదర్స్ ఎం19ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2 నుంచి 8 దాకా ఏడు ఎల్లెన్ కొలతలు, స్క్రూడ్రైవర్లు, టి10, టి25 టార్క్స్ ముక్కలు, 8, 10 మిల్లీమీటర్ల చిన్న పానాలు, చైను పనిముట్టు, పుల్లల కీలు కలిసి సుమారు 175 గ్రాములు. టోపీక్ మినీ 20 ప్రో కూడా ఈ కోవలోదే, ఇంకాస్త తేలిక. రెండూ గేరు సైకిలుకు చక్కగా సరిపోతాయి. రెండింటిలోనూ 15 పానా లేదు. వెనక చక్రం నట్టుతో బిగించిన సైకిలు మీద గండికోట దారి పట్టినవాళ్లకు, ఆ నట్టు దగ్గర ఇవి రెండూ అక్కరకు రావు. చక్రం చేత్తోనే ఊడదీసే లీవరు, అంటే ఇటలీ రేసుగాడు తుల్లియో కాంపాగ్నోలో 1930లో పేటెంటు పొందిన ఏర్పాటు, ఉన్న సైకిళ్లకు ఆ బాధ లేదు.

చైను పనిముట్టు ఉండాలా వద్దా అన్నది గేరు సైకిలు ఉన్నవాళ్లు బాగా ఆలోచించుకోవాల్సిన విషయం. సిమెంటు ఫ్యాక్టరీల వైపు, నాపరాళ్ల గనుల పక్కన పోయే దారుల్లో రేగే దుమ్ము చైను నూనెలో కలిసి చైనును అరగదీస్తుంది. కొండ ఎక్కేటప్పుడు బరువు మీద పడిన వేళ, గేరు మారుస్తుండగా, ఆ అరిగిన చైను తెగుతుంది. తెగితే చేతిలో చైను పనిముట్టు, చైను కొసలను కలిపే క్విక్ లింక్ ఉన్నవాళ్లకు పది నిమిషాల పని. లేనివాళ్లు నడవాలి, లేదంటే ఏ ఆటోనో లారీనో ఆపాలి.

పని ఇలా సాగుతుంది. చైను కింది భాగాన్ని ఒక చిన్న తీగ కొక్కేనికి తగిలిస్తే రెండు కొసలూ వదులుగా, ఎదురెదురుగా నిలబడతాయి. వంగిన లింకును పనిముట్టు పళ్ల మధ్య కూర్చోబెట్టి, సూది సరిగ్గా రివెట్టు నడినెత్తిన ఆనేలా చూసుకుని పిడి తిప్పాలి. మొదట బిగుతుగా ఉంటుంది, ఒక టిక్కుమనే శబ్దంతో రివెట్టు కదులుతుంది. సూది పక్కకు ఒరిగితే విరిగేది సూదే. పాడైన లింకు తీసేసి, రెండు కొసలూ లోపలి పలకలతో ముగిసేలా చూసుకుని, క్విక్ లింక్ వేసి పెడల్ మీద గట్టిగా తొక్కితే అది 'టప్' మని కూర్చుంటుంది. క్విక్ లింక్ వెనక పళ్లచక్రాల సంఖ్యకు తగ్గది కావాలి. 8 వాటిది 10 వాటి చైనుకు పట్టదు. 9కి పైబడిన సన్న చైన్లలో తీసిన రివెట్టునే మళ్లీ నొక్కడం నమ్మదగింది కాదు. నల్ల సైకిలు, బడి సైకిలు చైన్లు వెడల్పైనవి. చాలా మల్టీటూళ్ల చైను పళ్లలో అవి దూరవు. వాటికి ఉండే చైను లాకును స్క్రూడ్రైవరుతో తీసి వేయవచ్చు. లాకు మూసుకుపోయిన కొస చైను పోయే దిక్కుకు ఉండాలి. తెరిచిన కొస ముందుకు ఉంటే దేనికో తగిలి ఊడిపోతుంది.

వెనక గేరు యంత్రం రాయికి తగిలి వంగిపోతే మల్టీటూల్‌తో సరిచేయడం అయ్యే పని కాదు. కానీ చైను పనిముట్టు ఉంటే దాన్ని పక్కకు తప్పించి, చైనును కురచ చేసి ఒకే గేరు మీద వేసి మెల్లగా ఊరు చేరవచ్చు. ఆ ఒక్క ఉపయోగం కోసమైనా కొండ దారిన పోయేవాళ్లు పాతిక గ్రాముల అదనపు బరువు మోయడం న్యాయమే.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. 5 మిల్లీమీటర్ల కీ అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా పోత పోసినట్టు ఉన్నాయా చూడాలి. మెత్తటి ఇనుముతో చేసిన కీ రెండు మూడుసార్లు గట్టిగా తిప్పేసరికి తన అంచులు పోగొట్టుకోవడమే కాక బోల్టు గుంతను కూడా గుండ్రంగా చేసేస్తుంది. ఆ బోల్టు తీయాలంటే ఇక డ్రిల్లు పట్టాల్సిందే. కీ పొడవు కూడా ముఖ్యం. సీసా చట్రం బోల్టు లోతుగా ఉంటుంది. పొట్టి కీ అంతదాకా అందదు, అందినా పిడి ఆ చట్రానికే తగిలి తిరగదు. పిడి కురచదైతే ఎక్కువ బలం పెట్టలేము. హ్యాండిల్ బోల్టులకు దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే వాటికి సుమారు 5 న్యూటన్ మీటర్ల బిగుతు చాలు. పెడల్‌కు 35 దాకా కావాలి. కురచ మల్టీటూల్‌తో ఊడిన పెడల్‌ను ఊరు చేరేంత మటుకు బిగించుకుని, షాపులో పొడవు పానాతో మళ్లీ బిగించుకోవాలి. ఎడమ పెడల్ మర ఎడమకు తిరుగుతుందన్నది మరచి, బిగిస్తున్నాననుకుని ఊడదీసేవాళ్లు చాలామంది.

పుల్లల కీ గురించి ఒక మాట. పుల్ల తెగినప్పుడు చక్రం వంకర పోయి బ్రేకుకు రాసుకుంటుంది. పక్క పుల్లలను పావు చుట్టు చొప్పున సడలించో బిగించో కాస్త సర్దితే చక్రం తిరుగుతుంది. పుల్లను రిమ్ముకు బిగించే నిపుల్ కొలతలు 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్లు అంటూ వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి. తప్పు కొలత కీ పెడితే నిపుల్ మూలలు అరిగిపోతాయి. మల్టీటూల్‌లోని పుల్లల కీ తమ చక్రానికి కుదురుతుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. చక్రం పూర్తిగా బెండు తీయడం మాత్రం ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఏ పాత సైకిల్ షాపు మేస్త్రీ చేతికైనా వదిలేయాల్సిన పని.

తన బండిని తానే బాగు చేసుకోవాలన్న నియమానికి సైకిలు చరిత్రలో పేరున్న ఉదాహరణ 1913 నాటి టూర్ డి ఫ్రాన్స్. పిరెనీ పర్వతాల్లో తుర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్తోఫ్ అనే రేసుగాడి సైకిలు ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కొండ కింది పల్లెలో ఒక కమ్మరి కొలిమి దగ్గరికి చేరాడు. ఇతరుల సాయం తీసుకోకూడదన్నది పోటీ నియమం. గంటల తరబడి తానే ఇనుము కాల్చి అతికించుకున్నాడు. కానీ కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రవాడు. అందుకని నిర్వాహకులు అతనికి 10 నిమిషాల జరిమానా వేశారు. తర్వాత దాన్ని 3 నిమిషాలకు తగ్గించారు. అప్పటికే గెలుపు చేజారిపోయింది.

ఇప్పటి దూరపు సైకిలు యాత్రల్లోనూ ఆ స్ఫూర్తి మిగిలి ఉంది. హైదరాబాదుతో సహా దేశంలోని చాలా నగరాల్లో జరిగే బ్రెవే అనే గడువు యాత్రల్లో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. నిర్ణీత మజిలీల దగ్గర తప్ప మధ్య దారిలో వెంట వచ్చే వాహనం సాయం చేయకూడదు. రోడ్డు పక్క షాపులో ఎవరైనా కొనుక్కునే వస్తువులు కొనుక్కోవడానికి అడ్డేమీ లేదు. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు అర్ధరాత్రి పోయేవాళ్లకు ఆ షాపే తెరిచి ఉండదు. అందుకే అలాంటి యాత్రికుల సంచుల్లో మల్టీటూల్ పక్కన రెండు ట్యూబులు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, క్విక్ లింకు, నాలుగు ప్లాస్టిక్ బిగింపు పట్టీలు, కొద్దిగా ఇన్సులేషన్ టేపు కనబడతాయి. నుదుటికి కట్టుకునే దీపం కూడా పనిముట్టు కిందే లెక్క. చీకట్లో రెండు చేతులూ ఖాళీగా ఉంటే తప్ప ముల్లు దొరకదు.

వానాకాలంలో నల్లరేగడి దారుల్లో ఇంకో చిక్కు ఉంది. తడిసిన రేగడి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. లోహపు స్క్రూడ్రైవరుతో గీకితే రంగు లేచిపోతుంది, టైరు పక్క గోడ చీలుతుంది. టైరు లీవరే దానికి తగిన పనిముట్టు. డిస్కు బ్రేకుల సైకిలు చక్రం తీసి శుభ్రం చేసేటప్పుడు బ్రేకు లీవరు నొక్కకూడదు. హైడ్రాలిక్ బ్రేకైతే ప్యాడ్లు దగ్గరికొచ్చి, చక్రం మళ్లీ లోపలికి పోనివ్వవు. అట్టముక్క మడిచి ప్యాడ్ల మధ్య పెడితే సరిపోతుంది. పొరపాటున నొక్కినవాళ్లు టైరు లీవరు చదును కొసతో ప్యాడ్లను మెల్లగా విడదీయవచ్చు. దానికి స్క్రూడ్రైవరు వాడితే ప్యాడు గీరుకుపోతుంది.

నల్ల సైకిలు క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైతే దానికి సుత్తి, కొత్త పిన్ను కావాలి. రోడ్డు మీద చేయగలిగేది నట్టును డంబెల్ పానాతో వీలైనంత బిగించి, ఆ వైపు పెడల్ మీద బరువు వేయకుండా తొక్కుతూ దగ్గరి ఊరు చేరడమే. పిన్ను అలాగే ఆడుతూ పది కిలోమీటర్లు పోతే క్రాంకు రంధ్రం కూడా అరిగి, పిన్నుతో పాటు క్రాంకునూ మార్చాల్సి వస్తుంది.